పరోక్ష డోలు

రేవుపాలెం పురపాలక సంఘానికి కొత్తగా వచ్చిన కమిషనర్ ప్రియదర్శన్ గారు ఏదో చల్లటి కొండ మీద జరిగిన శిక్షణ శిబిరానికి వెళ్లి, అక్కణ్ణుంచి ఒక శాలువా, ఒక జలుబు, ఒక సత్యం పట్టుకొచ్చారు. శాలువా బీరువాలోకి వెళ్లింది. జలుబు మాత్రలకు లొంగింది. సత్యం మాత్రం తిన్నగా ఆఫీసు మీద పడింది.

ఆ సత్యం ఏమిటంటే, మనిషి ఒంట్లో ఉన్న గుండె, ఊపిరితిత్తులు, మెదడు, కాలేయం, అన్నిటి తాళంచెవులూ అరచేతుల్లోనే ఉన్నాయట. చప్పట్లు కొడితే అవన్నీ ఒక్కసారిగా నిద్రలేస్తాయట. పురపాలక సంఘంలో ఫైళ్లు కదలకపోవడానికి కారణం సిబ్బంది బద్ధకం కాదు, అరచేతుల్లో నెత్తురు కదలకపోవడం. తమది బద్ధకం కాదని ఒక అధికారి నోట వినడం సిబ్బందికి పుట్టి బుద్ధెరిగాక అదే మొదటిసారి. అందుకని వాళ్లూ సంతోషంగానే చప్పట్లు కొట్టారు. అలా మొదలైంది కరతాళ చైతన్య కార్యక్రమం.

పొద్దున్నే అందరూ వరండాలో నిలబడి కొట్టాలి. తర్వాత ఏ బల్ల మీది ఫైలు ఏ బల్లకు చేరినా ఆ సెక్షను మొత్తం లేచి కొట్టాలి. ఇంటిపన్ను కట్టినవాడికి చప్పట్లు, కట్టలేనని మొరపెట్టుకున్నవాడికి ప్రోత్సాహకరంగా చప్పట్లు. కుళాయిలో నీళ్లు రావడం లేదని అర్జీ ఇచ్చినావిడకు నీళ్లు రాలేదు గానీ చప్పట్లు దక్కాయి. ఒక పెద్దమనిషి వాళ్ల నాన్నగారి మరణ ధ్రువపత్రం కోసం వస్తే, కాగితం చేతికిస్తూ జనన మరణ విభాగం మొత్తం లేచి నిలబడి ఉత్సాహంగా చప్పట్లు కొట్టింది. ఆయన బిత్తరపోయి, నలుగురితో పాటు ఉండకపోతే బాగుండదేమోనని తనూ నాలుగు కొట్టి వెళ్లిపోయాడు.

ఈ కార్యక్రమంలో అందరికన్నా వెలిగిపోయినవాడు రికార్డు అసిస్టెంట్ ద్రాక్షారపు భీమశంకరం. పగలు పాత ఫైళ్ల దుమ్ము దులపడం అతని ఉద్యోగం గానీ, అతని అసలు విద్య డోలు. వాళ్ల తాత, తండ్రి, అతనూ వరసగా రేవుపాలెం నరసింహస్వామి గుళ్లో డోలు వాయించినవాళ్లు. ఒక చేత పుల్ల పట్టి, ఇంకో చేతి వేళ్లకు తొడుగులు వేసుకుని అతను దరువు వేస్తే సందు చివరి టీ కొట్టులో గ్లాసులు కూడా కదులుతాయని ఊళ్లో చెప్పుకుంటారు. అటువంటి చేతులు ఉత్త చప్పట్లు కొడితే ఎలా ఉంటుంది? మొదటి రోజే వరండా కప్పులో కాపురముంటున్న పావురాలు లేచిపోయాయి, మళ్లీ రాలేదు.

కమిషనర్ గారు పరవశించిపోయారు. "వాట్ ఎనర్జీ! ఇతనే మన చైతన్య సారథి," అన్నారు. భీమశంకరానికి ఒక జ్ఞాపిక, చొక్కాకు పెట్టుకునే బిళ్ల ఇచ్చారు. ఇక నుంచి ప్రతి సెక్షనుకూ తిరిగి, చప్పట్లను అతనే ముందుండి నడిపించాలన్నారు. డోలుకు ఇన్నేళ్లలో దక్కనిది చప్పట్లకు దక్కేసరికి భీమశంకరం ఉబ్బి తబ్బిబ్బయ్యాడు. ఆ బిళ్ల ఇంట్లో కూడా తియ్యకుండా తిరిగాడు. నిజం చెప్పాలంటే, అవసరమైన దానికన్నా గట్టిగానే కొట్టాడు.

ఎండలు ముదిరేసరికి మణికట్టు దగ్గర, బొటనవేలి మొదట్లో, సన్నగా సలుపు మొదలైంది. తువ్వాలు పిండబోతే చెయ్యి పిండినట్టుండేది. సీసా మూత తియ్యమని భార్య సత్యవేణికి ఇస్తే ఆవిడ తీసిచ్చి, "సారథి గారికి చైతన్యం ఎక్కువైపోయినట్టుందండి," అంది.

అంతటితో పోతే బాగానే ఉండును. ఒక పెళ్లిలో సరిగ్గా తాళి కట్టే వేళ, పంతులుగారు "గట్టిమేళం! గట్టిమేళం!" అని చెయ్యి ఊపారు. ఆ క్షణంలో ఏ అపశకునపు చప్పుడూ ఎవరి చెవినా పడకూడదనే కదా గట్టిమేళం. భీమశంకరం పుల్ల ఎత్తాడు. మణికట్టులో కత్తి దిగినట్టయి పుల్ల జారిపోయింది. డోలు ఆగిన ఆ కాసింత ఖాళీలో పెళ్లికొడుకు పెదనాన్న తుమ్మాడు. మామూలు తుమ్ము కాదు, మండపంలో చివరి కుర్చీ దాకా వినిపించిన తుమ్ము. పెళ్లి ఆగలేదు గానీ, పెళ్లికూతురి వాళ్లు భోజనాల దగ్గర భీమశంకరం వంక చూసిన చూపులకు అతనికి ముద్ద దిగలేదు.

బండి ఎక్కేటప్పుడు సన్నాయి వాయించే సోమలింగం బావ చెప్పేశాడు. "ఒరే భీమా, మడుసుల పెళ్లంటే సరే, ఏదోలా సర్దుకుపోతాం. వైశాఖంలో సామి కల్యాణం ఉంది. అక్కడ గట్టిమేళం తప్పిందంటే మనం ఊళ్లో తలెత్తుకోలేం. చెయ్యి బాగుచేసుకో. లేదంటే పక్కూరి డోలాయన్ని పిలుస్తాను. తర్వాత నన్ననుకుని లాభం లేదు."

భీమశంకరానికి గుళ్లో మండపం గుర్తొచ్చింది. తాత కూర్చున్న చోటు, నాన్న కూర్చున్న చోటు. అక్కడ పరాయివాడు కూర్చుంటే తను జనంలో నిలబడి చూడాలా? మర్నాడే ఎముకల డాక్టరు హైమవతి గారి దగ్గరికి పరిగెత్తాడు.

ఆవిడ మణికట్టు అటూ ఇటూ వంచి, అతను కుయ్యోమన్నాక అడిగింది. "ఈ చేత్తో ఏం చేస్తుంటారు?"

"చప్పట్లు కొడతానండి."

"ఎప్పుడు?"

"ఆఫీసు టైములోనండి. పొద్దున్నుంచి సాయంత్రం దాకా."

డాక్టరమ్మ కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకుంది. "ఆపెయ్యండి," అంది. "పట్టీ వేసుకుని మూడు వారాలు చేతికి విశ్రాంతి ఇవ్వండి. తగ్గిపోతుంది. ఆపకపోతే కొయ్యాల్సి రావచ్చు."

ఇంత తేలికా అనుకుని భీమశంకరం ఎగురుకుంటూ ఆఫీసుకు వెళ్లి, ఆ చీటీ మేనేజరు పట్టాభి గారి ముందు పెట్టాడు. పట్టాభి గారు దాన్ని వేళ్లతో ముట్టుకోకుండా, పెన్నుతో తిప్పి చదివారు.

"నొప్పి ఉందని చెప్పడం వరకు డాక్టరు పరిధి. కారణం చెప్పడం ఆవిడ పరిధి కాదు. చప్పట్లనేవి పురపాలక సంఘం వారి కార్యక్రమం. వాటి మీద అభిప్రాయం వైద్యశాఖ ఎలా వెలిబుచ్చుతుందండీ?"

"మరి కారణం ఎవరు చెప్పాలండి?"

"విచారించి, నిర్ధారించి, సమర్పించాలి." పట్టాభి గారు గొంతు తగ్గించారు. "మీరొక్కరే కాదు. ఆఫీసులో సగంమందికి మణికట్లు పట్టేశాయి. టైపిస్టు రత్నకుమారి గారు చెంచా పట్టుకోలేకపోతోందట. నాక్కూడా..." అని ఏదో చెప్పబోయి, తన చెయ్యి తనే నిమురుకుని ఆగిపోయారు. "కానీ మన కార్యక్రమం రాష్ట్రస్థాయి పురస్కారానికి వెళ్లింది. ఇప్పుడు కారణం జాగ్రత్తగా కనిపెట్టాలి."

ఆ సాయంత్రమే మణికట్టు నొప్పి మూలకారణ అన్వేషణ సంఘం ఏర్పడింది. అధ్యక్షులు పట్టాభి గారు. ఉత్తర్వులో ఇలా ఉంది: "సిబ్బంది హస్తములయందును, మణికట్టులయందును తలెత్తుచున్న నొప్పికి గల సకల కారణములను, కరతాళ చైతన్య కార్యక్రమము మినహా, నిష్పక్షపాతముగా పరిశీలించవలసినదిగా కోరడమైనది." సంఘం ప్రతి సమావేశం చప్పట్లతో మొదలై చప్పట్లతో ముగిసేది. మధ్యలో సభ్యులు మాట్లాడేటప్పుడు చేతులు మంచినీళ్ల కూజాకు ఆనించుకుని చల్లబరుచుకునేవారు.

సంఘం పని మాత్రం చిత్తశుద్ధితో చేసింది, కాదనలేం. సెల్‌ఫోను వల్లనా అనుకున్నారు. ఫోను లేని అటెండరుకూ నొప్పి ఉంది. స్కూటరు వల్లనా అంటే, నడిచి వచ్చేవాళ్లకూ ఉంది. అన్నం కలుపుకోవడం వల్ల కావచ్చునని ఒక సభ్యుడు గట్టిగా వాదించి, గోంగూర పచ్చడి కలిపేటప్పుడు మణికట్టు ఎన్ని మెలికలు తిరుగుతుందో నిలబడి చేసి చూపించాడు. అందరూ ఆ వాదనను చప్పట్లతో హర్షించి, "అబ్బా" అని కూర్చున్నారు. ఆడవాళ్లు ఇంట్లో పిండి రుబ్బడం వల్లనేమో అని పట్టాభి గారు అంటే, రత్నకుమారి లేచి, "మా ఇంట్లో రుబ్బేది మా ఆయనండి, ఆయన చెయ్యి నిక్షేపంలా ఉంది," అంది. ఆ కోణం అక్కడితో ముగిసింది.

ఇక ఇళ్ల తనిఖీలన్నారు. సారథి గనక మొదట భీమశంకరం ఇంటికే వచ్చారు. ఆదివారం, అతను రెండు రోజుల సెలవులో చెయ్యి కాస్త తేరుకుని కూర్చున్నాడు. సంఘం గుమ్మంలో నిలబడి చప్పట్లు కొట్టి లోపలికొచ్చింది.

"అమ్మా, మీ ఆయన ఇంట్లో చేత్తో చేసే పనులన్నీ దాచకుండా చెప్పండి," అన్నారు పట్టాభి గారు.

సత్యవేణి కొంగు దోపుకుంది. "చేత్తో పనా? ఈయనా? కంచంలో చెయ్యి పెడతారండి. అది కడుక్కుంటారండి. అంతకుమించి మా ఇంట్లో ఆ చెయ్యి అరిగింది లేదు. ఆయ్, ఆ అరుగుడేదో మీ ఆఫీసులోనే అరుగుతోంది!"

"అది మా పరిధిలోకి రాదమ్మా," అని పట్టాభి గారు గోడ వైపు తిరిగారు. తిరిగి, అలాగే నిలబడిపోయారు. గోడకు డోలు వేలాడుతోంది. సంఘం సభ్యులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇన్నాళ్లుగా వెతుకుతున్న దొంగ ఎదురుపడినట్టు పట్టాభి గారి కళ్లు మెరిశాయి.

"దీన్ని... కొడతారా?"

"వాయిస్తామండి. చిన్నప్పట్నుంచీ. దీనివల్ల ఒక్కనాడూ నొప్పి ఎరగనండి."

"అది మీ అభిప్రాయం. ప్రయోగం చేద్దాం. వాయించండి."

భీమశంకరం దిగులుగానే డోలు దించి, దణ్ణం పెట్టుకుని, తొడుగులు వేసుకున్నాడు. వాయించడం మొదలుపెట్టాక దిగులు మరిచిపోయాడు. విశ్రాంతి దొరికిన చెయ్యి చెప్పినట్టు వింది. ఇంటి ముందు జనం పోగయ్యారు. సత్యవేణి గుమ్మానికి ఆనుకుని, మొగుణ్ణి మళ్లీ కొత్తగా చూసింది. పట్టాభి గారంతటి పట్టాభి గారు తల ఊపి, కాలు కూడా ఆడించారు. వాయించడం ఆపి భీమశంకరం, "చూశారా అండి, ఏ నొప్పీ లేదు," అన్నాడు నవ్వుతూ.

సంఘం ఆనందం పట్టలేక చప్పట్లు అందుకుంది. చప్పట్లు మొదలైతే సారథి ముందుండి నడిపించాలని ఉత్తర్వు ఉంది. భీమశంకరం లేచి నిలబడి నడిపించాడు. సంఘం ఎంతకీ ఆపలేదు, అంత బాగుంది మరి. చివరికి అతని మణికట్టు భగ్గుమని, "అమ్మా!" అని కూలబడ్డాడు.

"రాసుకోండి," అన్నారు పట్టాభి గారు. "డోలు వాయించిన అనంతరం తీవ్రమైన నొప్పి."

"మజ్జెలో చప్పట్లు కొట్టించింది ఎవరండీ?" అని సత్యవేణి మీదికొచ్చింది. మధ్యలోది సంఘం పరిధిలోకి రాదని మర్యాదగా చెప్పి, సంఘం కాఫీ తాగి వెళ్లింది.

నివేదిక వారంలో వచ్చింది. ఆఫీసులో నొప్పులన్నిటికీ డోలే మూలకారణం. అయితే మిగతావాళ్లకు ఇంట్లో డోలు లేదు కదా అని ఎవరో అమాయకుడు అడగవచ్చు. ఆ ప్రశ్నను సంఘం ముందే ఊహించింది. మనిషన్నాక ఎప్పుడో ఒకప్పుడు పెళ్లికి వెళతాడు, పెళ్లిలో డోలు వింటాడు, ఆ అదురు చెవిలోంచి దిగి మణికట్టులో నిలవ ఉంటుంది. దానికి 'పరోక్ష డోలు' అని పేరు పెట్టారు. పెళ్లి కాని వాళ్లు కూడా పెళ్లిళ్లకు వెళతారు గనక ఎవరూ మినహాయింపు కాదు. కమిషనర్ గారు చదివి, "సైంటిఫిక్‌గా ఉంది," అన్నారు. మూలకారణాన్ని స్వాధీనం చేసుకుని స్టోరు రూములో పెట్టమన్నారు.

ఇద్దరు మనుషులు ఇంటికి వచ్చి, డోలును తీసుకెళ్లి పాత ఫినాయిలు డబ్బాల పక్కన పడేశారు. భీమశంకరానికి ఏడుపొచ్చింది. మగవాడు ఆఫీసులో ఏడిస్తే బాగుండదని రికార్డు గదిలోకి వెళ్లి ఏడ్చాడు. కల్యాణం దగ్గరపడుతోంది. డోలు లేదు, చప్పట్లు ఆగలేదు.

అక్కడ దుమ్ములో కూర్చుని ఆ నివేదికనే మళ్లీ మళ్లీ చదివాడు. చదవగా చదవగా ఒక ఆలోచన వచ్చింది. మొహం కడుక్కుని తిన్నగా కమిషనర్ గారి గదిలోకి వెళ్లాడు.

"సార్, డోలు విన్నంత మాత్రాన అందరి చేతుల్లోకీ నొప్పి దిగుతుందని మన సంఘం కనిపెట్టింది గదండీ. అలాంటప్పుడు డోలు వింటే అందరి చేతుల్లోకీ చప్పట్లు కూడా దిగాలి గదండీ. నేనొక దెబ్బ వేస్తే ఆఫీసంతా చప్పట్లు కొట్టినట్టేనండి."

కమిషనర్ గారు కుర్చీలోంచి లేచారు. "మల్టిప్లయర్ ఎఫెక్ట్! శిబిరంలో కూడా ఎవరికీ తట్టలేదయ్యా ఇది!"

కొత్త ఉత్తర్వు వచ్చింది. చప్పట్లు రద్దు. వాటి బదులు వరండాలో డోలు. భీమశంకరం తన తెలివికి తనే మురిసిపోయి, ఆ రాత్రి సత్యవేణికి మూడుసార్లు చెప్పాడు. ఆవిడ మాత్రం, "ఆళ్లతో తెలివి చూపించారా? సరిపోయింది," అని అటు తిరిగి పడుకుంది.

ఆఫీసులో నొప్పులు మంత్రం వేసినట్టు పోయాయి. రత్నకుమారి చెంచా పట్టుకుంది. మూలకారణం కనిపెట్టగానే వ్యాధి పారిపోయిందని సంఘాన్ని సన్మానించారు. చప్పట్లు కొట్టే బాధ తప్పేసరికి సిబ్బందికి హుషారొచ్చింది. ఫైలు కదిలితే చాలు, ఉచితంగా డోలు. పన్నుల సెక్షను వాళ్లు ఒక ఫైలును నీటి సరఫరాకు పంపితే, వాళ్లు దాన్ని అలాగే వెనక్కి పంపేవారు. రెండు వైపులా డోలు మోగేది. "పల్లకీసేవ దరువెయ్యండి భీమశంకరం గారూ," అని కిటికీల్లోంచి కేకలు. ఫైళ్ల కదలిక రాష్ట్రంలోనే ఎక్కువ ఇక్కడని కమిషనర్ గారు పైకి రాశారు. ఏ ఫైలూ ఎక్కడికీ చేరలేదు గానీ, కదలిక కదలికే.

పొద్దుటి నుంచి సాయంత్రం దాకా వాయించేసరికి భీమశంకరం చెయ్యి ఈసారి మోచేతి దాకా పట్టేసింది. పట్టాభి గారి దగ్గరికి వెళ్లి, "చెయ్యి లాగేస్తోందండి," అన్నాడు.

"లాగుతుంది. డోలు వల్ల నొప్పి వస్తుందని మేం ముందే తేల్చాం కదా."

"అయితే ఆపెయ్యనాండి?"

"ఎలా ఆపుతారండీ? అది కార్యక్రమం."

వైశాఖం వచ్చింది. నరసింహస్వామి కల్యాణానికి ఊరు ఊరంతా కదిలింది. కమిషనర్ గారు ముఖ్య అతిథి, ఆయన వెనక వరసల్లో పురపాలక సిబ్బంది. తాత కూర్చున్న చోట భీమశంకరం కూర్చున్నాడు. చేతికి నూనె రాసి, గుడ్డ చుట్టి, స్వామికి మొక్కుకున్నాడు. ఎదుర్కోలు నడిచింది, జీలకర్ర బెల్లం నడిచింది. అర్చకస్వామి మంగళసూత్రం ఎత్తి జనానికి చూపించి, "గట్టిమేళం!" అన్నారు.

సోమలింగం బావ సన్నాయి అందుకున్నాడు. భీమశంకరం పుల్ల ఎత్తాడు. ఎత్తిన చెయ్యి దిగలేదు. వేళ్లు వాటంతటవే విడిపోయాయి, పుల్ల ఒళ్లో పడింది. సన్నాయి ఒంటరిగా బిక్కుబిక్కుమంది. ఎవరో గొంతు సవరించుకున్నారు, అర్చకుడి చెయ్యి గాల్లో ఆగింది. ఇప్పుడు ఎవరైనా తుమ్మితే ఏమిటి గతి? భీమశంకరం కళ్లు మూసుకున్నాడు. తన చెయ్యి తెగి పడినా ఇంత బాధ ఉండదనుకున్నాడు.

అప్పుడు వెనక వరసల్లోంచి చప్పట్లు లేచాయి. పట్టాభి గారు మొదలుపెట్టారు. రత్నకుమారి, అటెండరు, పన్నుల సెక్షను, నీటి సరఫరా, బాగా విశ్రాంతి దొరికిన చేతులన్నీ ఒక్కసారిగా మోగాయి. పాపం, అలవాటైన పని. ఆ మోతలోనే అర్చకస్వామి సూత్రధారణ కానిచ్చేశారు. కమిషనర్ గారు మైకు పుచ్చుకుని, వచ్చే ఏటి నుంచి స్వామి కల్యాణానికి గట్టిమేళం బాధ్యత పురపాలక సంఘమే స్వీకరిస్తుందని ప్రకటించారు. సోమలింగం బావ సన్నాయి సంచిలో పెట్టుకుని, భీమశంకరం వంక చూడకుండా మెట్లు దిగి వెళ్లిపోయాడు.

మర్నాడు డాక్టరు హైమవతి గారు చెయ్యి వంచబోతే వంగలేదు. "చప్పట్లు ఆపమన్నానా?"

"ఆపేశానండి. ఇప్పుడు చిన్నప్పట్నుంచీ వాయించే డోలే వాయిస్తున్నానండి. పొద్దున్నుంచి సాయంత్రం దాకా."

"డోలు చిన్నప్పట్నుంచీ వాయిస్తున్నదే కదా?"

"అప్పుడు పెళ్లిళ్లకండి. ఇప్పుడు ఫైళ్లకండి."

ఆవిడ ఇంకేమీ అడగకుండా చేతికి గట్టి కట్టు వేసి, డోలు అతిగా వాయించడం వల్ల వచ్చిన వాపని చీటీ రాసిచ్చింది. ఆ చీటీ ఆఫీసుకు చేరడమే ఆలస్యం, పట్టాభి గారు దాన్ని ఈసారి రెండు చేతులతో అందుకుని కళ్లకద్దుకున్నారు. వైద్యశాఖ కూడా సంఘం నిర్ణయాన్ని ధ్రువపరిచింది. కారణం చెప్పే పరిధి ఆవిడకు రాత్రికి రాత్రే వచ్చేసింది.

వరండాలో సభ పెట్టారు. పట్టాభి గారికి శాలువా కప్పుతూ కమిషనర్ గారు, ఈ ఒక్కసారికి డోలు బదులు నిజమైన చప్పట్లే కొడదామని పిలుపునిచ్చారు. అందరూ అందుకున్నారు. ముందు వరసలో భీమశంకరం మాత్రం కట్టు కట్టిన చెయ్యి మెడకు వేలాడేసుకుని ఊరికే నిలబడ్డాడు.

"సారథి కొట్టకపోతే ఎలా?" అన్నారు కమిషనర్ గారు.

"ఒక చెయ్యి లేదు గదండీ," అన్నాడు భీమశంకరం నెమ్మదిగా.

పట్టాభి గారు ఆ రోజు చాలా ఉదారంగా ఉన్నారు. వేదిక దిగి వచ్చి, శాలువా సవరించుకుని, తన అరచేయి చాపారు. "దాందేముందండీ. రెండో చెయ్యి నాది వాడుకోండి."

భీమశంకరం ఆ చేతి వంక చూశాడు. మెత్తగా, పొందికగా, సరిగ్గా డోలు మూత ఉండే ఎత్తులో ఉంది. తొడుగులు వేసుకునే చెయ్యి ఇంకా బాగానే ఉంది. దాన్ని భుజం దాకా ఎత్తాడు. తాతను తలుచుకున్నాడు, నాన్నను తలుచుకున్నాడు, మొన్న గుళ్లో పడని గట్టిమేళం తలుచుకున్నాడు. అదంతా కలిపి ఒక్క దెబ్బలో పెట్టాడు.

సందు చివరి టీ కొట్టులో గ్లాసులు కదిలాయి. వరండాలో చప్పట్లు ఆగిపోయాయి. పట్టాభి గారు మణికట్టు రెండో చేత్తో పట్టుకుని, నోరు తెరిచి, శబ్దం రాక, వంగిపోయారు.

"ఏమైంది పట్టాభి గారూ?" అన్నారు కమిషనర్ గారు కంగారుగా.

పట్టాభి గారు కళ్లనీళ్లతో సారథిని చూశారు, కమిషనర్ గారిని చూశారు, గోడకు కట్టిన పురస్కారం బ్యానరును చూశారు.

"ఏం లేదు సార్," అన్నారు పళ్ల బిగువున. "ఎక్కడో... పెళ్లిలో... డోలు మోగినట్టుంది."